పడవ చెక్క తలుపు

వానాకాలం వస్తే మా ఫ్లాటు ముందుతలుపు సొరచేప నూనె వాసన వేస్తుంది. తలుపులన్నీ ఒకేలా ఉండాలి, దీన్ని మార్చమని అపార్ట్‌మెంటు వాళ్లు మూడుసార్లు నోటీసు ఇచ్చారు. ఇవ్వనీ. నిన్న వాన పడి ఆ వాసన గుప్పుమనగానే నూకాలమ్మ గుర్తొచ్చింది.

తొంభైల్లో కృష్ణానగర్‌లో ఆమెది నా పక్కగది. సినిమా సెట్లకు వలలు అల్లి ఇచ్చేది. గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక చిన్న దీవి ఆమె ఊరు. చేపలు తగ్గి, ఒడ్డు ఏటా కోతకు గురవుతుంటే, ఊరందరినీ ఇవతలి గట్టున కాలనీకి తరలిస్తామన్నారు. ఆ దీవిలో పడవ పాతబడితే పొయ్యిలో పెట్టరు, సొరచేప నూనె పట్టించిన ఆ చెక్కతో ఇంటికి తలుపు చేసుకుంటారు. అందుకే ప్రయాణం అనగానే ఆమె, ఇంకో నాలుగిళ్ల వాళ్లు అన్నిటికన్నా ముందు తలుపులు ఊడదీసి పడవలకెక్కించారు. మర్నాడు ఇళ్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా, తలుపు లేనివన్నీ పాడుబడ్డ ఇళ్లని రాసేశాడు. వాళ్లకు కాలనీలో ఇల్లు రాలేదు.

“గుమ్మంలో నిలబడే ఉన్నాను అబ్బాయ్. నన్ను చూత్తానే రాశాడు” అనేది.

“మళ్లీ అర్జీ పెట్టకపోయావా అమ్మా?”

“మాది పాడుబడ్డ కొంపేనని ఒప్పుకుని ఏలిముద్ర ఏత్తే, దయతలుత్తారంట. నేనెయ్యను.”

ఆ తలుపుతోనే హైదరాబాదు వచ్చి, అద్దెగదికి బిగించుకుంది. ఇంటాయన లబోదిబోమన్నాడు. “ఏందమ్మా, నా తలుపు తీసి గీ కంపు తలుపు పెట్టినవ్?”

“మీది మంచం కింద బద్రంగా ఉందండీ. కాళీ చేసినప్పుడు బిగించే ఎల్తాను.”

అప్పుడు నేను ఒక ఆర్ట్ డైరెక్టర్ దగ్గర అసిస్టెంటుని. నాలుగేళ్లు ఫిల్మ్‌నగర్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే దొరికిన మొదటి సినిమా. జూబ్లీహిల్స్ బండల మధ్య జాలరిపల్లె సెట్టు వేశాం. గీత కూడా పడనివ్వనని మాటిచ్చి ఆ తలుపు అడిగి తెచ్చాను. దర్శకుడు దాన్ని చూసి మురిసిపోయాడు. “గుడిసెతోపాటు ఇదీ తగలబెడదాం. క్లోజప్‌లో అదిరిపోతుంది!” మా ఆర్ట్ డైరెక్టర్ నా చెవిలో, “ఆవిడకి కొత్తది చేయించిద్దాంలే, నోరు మూసుకో” అన్నాడు. సిగ్గుచేటు, నేను నోరు మూసుకున్నాను.

సెట్లో వలలు కడుతున్న నూకాలమ్మ లేచి వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

“పక్కకి జరగమ్మా, వెలుగు పోతోంది” అన్నాడు దర్శకుడు.

“ఒకసారి జరిగాను బాబూ. ఇంక జరగను.”

నా వైపు చూసింది. ఎలా వచ్చిందో ధైర్యం, వెళ్లి బందుల మేకులు పీకడం మొదలుపెట్టాను. “రేపట్నుంచి రావద్దు” అని వెనకనుంచి మా ఆర్ట్ డైరెక్టర్ కేక వినిపించింది. తలుపు మోసుకుంటూ ముందు ఆమె, వెనక నేను, మిట్టమధ్యాహ్నం కృష్ణానగర్ దాకా దిగాం. నా వైపు తలుపు రెండుసార్లు జారబోయింది.

“బయమేత్తందా?”

“వేస్తోందమ్మా.”

“ఏత్తది. చెయ్యి మాత్రం వదలమాక.”

చనిపోయే కొన్నాళ్ల ముందు ఆమె ఇంటాయన తలుపు ఇంటాయనకు బిగించి, తనది నాకిచ్చింది.

ఇవాళ పొద్దున అపార్ట్‌మెంటు సెక్రటరీ, తలుపు మార్చని ఫ్లాట్లు రాసుకోవడానికి కాగితం, పెన్నూ పట్టుకుని వచ్చాడు. తలుపు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడ్డాను.

“మార్చను. ఇక్కడ మనుషులున్నారని రాసుకోండి” అన్నాను.