ఏడు ముళ్ల సీసా

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాయకముందూ లేదు, రాశాకా ఉండదు. నల్లపాడులో మా ఇంటి వెనకే సమాధుల తోట ఉంది. నీడ బాగుంటుందని పదో తరగతి పరీక్షలకు అక్కడే కూర్చుని చదివాను. కాబట్టి ఇది చదివి పాపం జడుసుకున్నట్టుంది అని నా మీద ఎవరూ జాలిపడనక్కర్లేదు.

నా ఉద్యోగం నీళ్లు పరీక్ష చేయడం. తాగే నీళ్లు కావు. పెద్ద భవనాల్లో సెంట్రల్ ఏసీ ఉంటుంది కదా, దానికోసం చల్లటి నీళ్లు పైపుల్లో అన్ని అంతస్తులూ తిరుగుతుంటాయి. ఆ నీళ్లలో ఇనుము ఎంత కలిసిందో చూసి, పైపు లోపల ఎలా ఉందో చెప్పాలి. మనుషులకు రక్తపరీక్ష చేసినట్టే.

సీసా మీద పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది. అందుకని నేను సీసా మెడకు నూలుదారం కట్టి, మొదటి చోటి నీళ్లకు ఒక ముడి, రెండో చోటి నీళ్లకు రెండు, అలా ముళ్లు వేస్తాను. చోటు పేరు, టైము నోటుబుక్కులో రాసుకుంటాను. దారం మా నాన్న పనిచేసిన స్పిన్నింగ్ మిల్లుది. చిన్నప్పుడు నా కుడి బొటనవేలు విరిగి వంకరగా అతుక్కుంది. అందువల్ల నా ముడి అందరి ముడిలా పడదు, తిరగబడి పడుతుంది. ల్యాబులో దీనిమీద బోలెడు జోకులున్నాయి.

మొన్న ఎండాకాలం గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. పేరు చెప్పను. వెళ్లేముందు మా ల్యాబు రిజిస్టరులో సంతకం పెట్టి ఆరు సీసాలు తీసుకున్నాను. నా పెట్టెలో ఉన్నవే ఆరు గళ్లు. ఆరు చోట్ల నీళ్లు పట్టి పదకొండున్నరకు పని ముగించి, అక్కడ మెయింటెనెన్స్ చూసే శ్రీనివాసరావు గారితో కింద క్యాంటీన్లో టీ తాగాను. ఆయన తన షుగరు గురించి అరగంట చెప్పారు.

ల్యాబుకొచ్చి పెట్టె తెరిస్తే ఏడు సీసాలున్నాయి. గళ్లలో ఆరు, వాటిమీద అడ్డంగా ఏడోది. దాని మెడకు ఏడు ముళ్లు, అన్నీ తిరగబడినవే. నోటుబుక్కులో ఏడో వరుస కూడా ఉంది, నా చేతిరాతలో. "మూడో అంతస్తు, పసిపిల్లల ఐసీయూ, చివరి పైపు. 11.40." పదకొండూ నలభైకి నేను షుగరు కథ వింటున్నాను. ఆ రోజు మూడో అంతస్తులో అడుగే పెట్టలేదు.

ఆరు సీసాల నీళ్లూ బాగానే ఉన్నాయి. ఏడోది నల్లగా ఉంది, మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు. ఇనుము అంకె చూసి మీటరు చెడిందనుకుని ఇంకోదానితో చూశాను. అదే అంకె. అంత ఇనుము నీళ్లలోకి దిగిందంటే పైపును తుప్పు లోపల్నుంచి తినేస్తోందని అర్థం.

"ఎక్కడ పట్టావో తెలియని నీళ్లు పారబొయ్యమ్మా. ఆ రూలు అందరికీ చెప్పేది నువ్వేగా" అన్నారు మా ల్యాబు ఓనరు. నిజమే, దాన్ని గోడమీద అంటించింది కూడా నేనే. సీసా పట్టుకుని సింకు దాకా వెళ్లాను. చెయ్యి రాలేదు. ఆ పైపు నిజంగా ఉంటే దాని కింద పడుకున్నది పసిపిల్లలు. నాకు విపరీతమైన కోపం వచ్చింది, ఎవరిమీదో కూడా తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికెళ్లాను. శ్రీనివాసరావు గారు పైపుల డ్రాయింగు పరిచారు.

"చూడండి మేడమ్, ఆ ఐసీయూ మీద అసలు లైనే లేదు. ఉన్నా అక్కడ కొళాయి లేదు కదా, నీళ్లెలా పట్టారండీ?"

"అది నాకూ తెలియదండి. సీలింగు తెరిపించండి."

"పిల్లల్ని వేరే గదికి మార్చాలి. డాక్టరు గారు నన్ను తినేస్తారు. తీరా అక్కడ ఏమీ లేకపోతే?"

"లేకపోతే మా ఓనరుకు ఫోన్ చేసి నన్ను తీసెయ్యమనండి. తెరవకపోతే మాత్రం ఆ ఆరు సీసాల రిపోర్టు మీదా సంతకం పెట్టను."

ఆయన లేచి వెళ్లి డాక్టరు గారితో మాట్లాడారు. నాలుగు ఇంక్యుబేటర్లు నా ముందునుంచే తోసుకెళ్లారు. ఒక బిడ్డ నా అరచేతి కంటే కొంచెం పెద్దది, అంతే. అప్పుడు నాకు భయమేసింది. దయ్యానికి కాదు, ఏమీ లేకపోతే ఉద్యోగం పోతుందని.

ఫిట్టరు నాగుల్ మీరా నిచ్చెనెక్కి సీలింగు పలక తీశాడు. "ఉందండీ" అన్నాడు. ఒకప్పుడు ఆ గదికి ఇంకో ఏసీ ఉండేదట. దాన్ని తీసేసినవాళ్లు పైపును మొదలు దగ్గర కొయ్యకుండా చివర మూత బిగించి వదిలేశారు, డ్రాయింగులో మాత్రం తుడిచేశారు. మా పనిలో ఇది మామూలు తప్పే. నీళ్లు కదలక ఏళ్ల తరబడి అందులోనే నిలవుండిపోయాయి.

మూత ఎవరైనా విప్పారేమో చూడమన్నాను. పాత రంగు చెక్కు చెదరలేదన్నాడు. పైపును వేలితో తడిమి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మేడమ్, ఇది అప్పడంలా ఉందండి. గట్టిగా నొక్కితే పోద్ది." సరిగ్గా దాని కింద నేలమీద ఇంక్యుబేటరు చక్రాల గుర్తులున్నాయి. శ్రీనివాసరావు గారు అవి చూసి, వాల్వు కట్టెయ్యమని కిందికి ఫోన్ చేశారు.

వాల్వు కట్టేసి, బకెట్టు పెట్టి కోశారు. నల్లటి నీళ్లు, అదే కంపు. అక్కడే మీటరులో చూశాను. ఏడో సీసా అంకే వచ్చింది, చుక్క తర్వాతి అంకెతో సహా.

ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఆ గదిలో పోయిన బిడ్డ ఎవరో వచ్చిందని ఆయమ్మలు అన్నారు. మా అమ్మ దేవదూత అంది. సీసాను ముందు ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి పట్టాలని దేవదూతకు తెలుసా అని అడిగాను. "నోటికి హద్దుండాలే" అని తిట్టి, ఆదివారం చర్చిలో నా పేరు మీద ప్రార్థన చేయించింది. ఎప్పుడో పట్టి మర్చిపోయి ఉంటావంటారు మా ఓనరు. మూత బిగించిన పైపులోంచి ఎలా పట్టాను సార్ అంటే మాట మారుస్తారు.

నేను ఏదీ ఒప్పుకోను. రిజిస్టరులో ఇప్పటికీ ఆరు సీసాలే ఉన్నాయి. నెల దాటిన నీళ్లు పారబోయాలని ఇంకో రూలుంది, అదీ నేను రాసిందే. అయినా ఆ సీసా నా బీరువాలోనే ఉంది, ఎవరడిగినా ఇవ్వను. అప్పుడప్పుడు కొత్త దారం తీసి, ఏడు ముళ్లు వేసి, ఆ సీసా దారం పక్కన పెట్టి చూస్తాను. ఒక్క తేడా దొరికినా హాయిగా నిద్రపోదును. దొరకలేదు.

దయ్యాలు లేవు. ఆ ముళ్లు నావే. ఎప్పుడు వేశానో మాత్రం నాకు తెలియదు.