అరకిలో బరువు

రేపల్లెలో దిగేసరికి మోకాలి లోతు నీళ్ళు. తొంభైల మొదట్లో, తుఫాను మర్నాడు. మా సైనిక వైద్య బృందంలో కెప్టెన్ డాక్టరు, రేడియో ఆపరేటరు, నర్సింగ్ సహాయకుడిగా నేను. మాది బాపట్ల. సొంత గడ్డ మీద డ్యూటీ, అంతకంటే ఏం కావాలి! బడిలో మకాం వేశాం.

మర్నాడు పొద్దున ఏసోబు అనే కూలీని మంచంతో సహా మోసుకొచ్చారు. బొళుక్కున రక్తం కక్కుతున్నాడు. ఏళ్ళ తరబడి సారా. కాలేయం గట్టిపడితే అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి. ఒకటి చిట్లిందా, మనిషి దక్కడం కష్టం.

కెప్టెన్ ముక్కులోంచి రబ్బరు గొట్టం కడుపులోకి దించి, దాని కొసనున్న బెలూన్ ఊదారు. గొట్టాన్ని బయటి నుంచి లాగిపెడితే బెలూన్ ఆ సిరల్ని అదిమి ఉంచుతుంది. కిరాణా కొట్టు నుంచి అరకిలో రాయి తెచ్చి, గొట్టానికి కట్టి వేలాడదీశాం. రక్తం ఆగింది.

ఆపరేటరు రేడియో అందుకున్నాడు. "తెనాలీ, పేషెంటుని పంపాలి. ఓవర్."

"రోడ్డు తెగింది. హెలికాప్టర్ లేవదు. పట్టాల మీద తీసుకురండి. ఓవర్."

కెప్టెన్ చుట్టూ విరేచనాల రోగులు. "నువ్వు చెయ్యగలవు, వెళ్ళు" అన్నారు. చెయ్యగలనని నాకూ తెలుసు.

రైల్వేవాళ్ళ తోపుడు ట్రాలీ ఎక్కించాం. కుదుపులకి రాయి ఊగిపోతోంది. దాన్ని విప్పేసి, గొట్టం ఏసోబు భార్య మరియమ్మ చేతికిచ్చాను.

"దూడ పలుపు పట్టుకున్నట్టు పట్టుకో అక్కా. గుంజొద్దు, వదలొద్దు."

"వదలను తమ్ముడూ."

నా చేతిలో కత్తెర. బెలూన్ పైకి జారి గొంతుకి అడ్డంపడితే గొట్టం కోసెయ్యాలి. కోస్తే బెలూన్‌లో గాలి పోయి ఊపిరి దక్కుతుంది, రక్తం మళ్ళీ మొదలవుతుంది.

వేమూరు దగ్గర ట్రాలీ ఎగిరిపడింది. ఏసోబు దగ్గాడు. కత్తెర గొట్టం మీద పెట్టాను.

"కొయ్యమాక తమ్ముడూ! జారలా. నా చేతికి తెలుస్తానే ఉంది."

అతని గుండె మీద చెయ్యి వేసి చూశాను. ఊపిరి హాయిగా ఆడుతోంది. అక్క మాటే నిజం. కత్తెర దించాను.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు గొట్టం అందుకుని "ఇక వదలమ్మా" అన్నాడు. ఆమె వేళ్ళు విచ్చుకోలేదు. నేనే ఒక్కొక్కటీ విడదీశాను.

తర్వాత గుంటూరు పంపితే, అక్కడ సిరలు మూసుకుపోయే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఏసోబు బతికాడు. సారా మానేశాడని కూడా విన్నాను, అది మాత్రం చూస్తేగానీ నమ్మను!

ఆ సాయంత్రం రేపల్లె తిరిగి బయల్దేరుతూ తెనాలి ఆసుపత్రి వరండాలో చూశాను. మరియమ్మ గోడకి ఆనుకుని నిద్రపోతోంది. ఒళ్ళో కుడిచెయ్యి పిడికిలి మళ్ళీ బిగుసుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. లేపకుండా వచ్చేశాను.

ఆ పిడికిలి నా కళ్ళ ముందు ఇంకా విచ్చుకోలేదు.