బొమ్మ వెనక ఫోన్ నంబరు

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో డ్రాయింగ్ టీచరమ్మ క్లాసు పిల్లల ముందు తప్ప ఎవరి ముందూ గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ వారం మాత్రం బస్టాండు గేటు దగ్గర నిలబడి, దారిన పోయేవాళ్లకల్లా అడ్డం పడింది.

సోమవారం పొద్దున ఆవిడ అన్నయ్య గడ్డం గీసుకునే బ్లేడ్లు తెచ్చుకుంటానని వెళ్లి మళ్లీ రాలేదు. ఏడాదిగా ఆయనకి మతిమరుపు ముదిరిపోయింది. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు, ఆసుపత్రులన్నీ తిరిగారు. ఇంట్లో వదిన ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్నానానికి కూడా లేవడం లేదు.

టీచరమ్మ అన్నయ్య ఫోటోతో కరపత్రాలు వేయించింది. జనం తీసుకునేవాళ్లు, పది అడుగులు వేసి ఉండ చుట్టి పడేసేవాళ్లు. సాయంత్రం ఆవిడే వంగి అన్నయ్య మొహాన్ని నేల మీంచి ఏరుకునేది. "ఒక్క నిమిషం బాబూ" అనేసరికి చందా అడుగుతుందేమోనని కొందరు ఫోన్ చెవికి ఆనించుకుని తప్పుకునేవాళ్లు.

గురువారం రెండు స్టూళ్లు, అట్ట, పెన్సిళ్లు మోసుకొచ్చింది.

"అయిదు నిమిషాలు కూర్చోండి, మీ బొమ్మ గీసిస్తాను. ఊరికే."

ముందుగా ఒక లావుపాటి గుమాస్తా కూర్చున్నాడు. కూర్చున్న మనిషి పారిపోలేడు కదా. గీస్తూనే అంతా చెప్పింది: అన్నయ్య ఎడమ కాలు కాస్త ఈడుస్తాడని, ఎవరు పలకరించినా నవ్వేస్తాడని. కాగితం తిప్పి వెనక అన్నయ్య మొహం గీసి, కింద ఫోన్ నంబరు రాసింది.

"ముక్కు నాది కాదు గానీ, నా ముక్కు కంటే బాగుంది టీచరమ్మా" అన్నాడు గుమాస్తా. కాగితం నలక్కుండా ఫైల్లో పెట్టుకున్నాడు. తన బొమ్మని ఎవరు పారేస్తారు?

సాయంత్రానికి పంతొమ్మిది మంది కూర్చున్నారు. గీస్తున్నంతసేపూ ఆవిడ చూపు వాళ్ల భుజాల మీంచి జనంలోకి పోయేది. నెరిసిన తల కనబడితే చాలు, పెన్సిల్ ఆగిపోయేది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. "నేను గోడౌన్ వాచ్‌మన్నండీ. నిన్న మా ఆవిడ బొమ్మ గీశారట. వెనకున్న పెద్దాయన రెండు రోజులుగా మా ఎదురు టీ కొట్టు బెంచీ మీదే కూర్చుంటున్నాడు. అడిగితే, మావాళ్లొస్తారు అంటాడు."

"ఇప్పుడున్నాడా?"

"పొద్దున చూశానండీ. ఇప్పుడంటే..."

"మీరెళ్లి ఆయన పక్కన కూర్చోండి బాబూ. మేం బయల్దేరుతున్నాం."

ఆటోలో వదిన ఒక్కసారే నోరు విప్పింది. "వేరే ఎవరో అయితేనో?" టీచరమ్మ ముందుకి వంగి, ఇంకాస్త తొందరగా పోనిమ్మంది ఆటో అతన్ని.

అన్నయ్యే. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం. పక్కన వాచ్‌మన్ కాపలా. వదిన ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. ఆయన మర్యాదగా జరిగి ఆవిడకి చోటిచ్చాడు.

తిరుగు దారిలో ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. కాసేపయ్యాక టీచరమ్మ వైపు వంగి, నెమ్మదిగా అన్నాడు: "మా చెల్లెలు కంగారు పడుతుంటుందండీ. ముందు దానికి కబురు చెయ్యాలి."

ఆవిడ ఆయన మాసిన చొక్కా కాలరు సరిచేసింది.

"చెప్పేశానండీ" అంది. "మీరొచ్చేస్తున్నారని చెప్పేశాను."