పక్కకెళ్లి చూసిన గుమ్మడికాయ

మూడు నెలలుగా రాస్తున్న ఒక కంప్యూటర్ ఫంక్షన్ నా ప్రాణం తోడేసింది. దీర్ఘవృత్తాకార గెలాక్సీ మనకు ఎలా కనిపిస్తోంది, ఎంత వేగంగా తిరుగుతోంది అన్నవి ఇస్తే దాని అసలు ఆకారం చెప్పాలది. పరీక్షకని బాగా అణిగి, జోరుగా తిరిగే ఉత్తుత్తి గెలాక్సీని నేనే కంప్యూటర్లో తయారుచేసి ఇస్తే, "గుండ్రం, నిదానం" అంటుంది! సోమవారానికి సరిచేయకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తానని మా గైడ్ మేడం చెప్పేశారు. ఆదివారం పొద్దున ఇక ఆ స్క్రీన్ చూడలేక, పులుసుకి గుమ్మడికాయ అనే వంకతో మాదన్నపేట మార్కెట్‌కి బయల్దేరాను.

మలక్‌పేటలో ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు, పావుగంట. "ఎనిమిది దాటితే మస్తు రష్ మేడం, ఆటో లోపటికి పోదు," అంటూ డ్రైవర్ మార్కెట్ లోపలిదాకా తెచ్చి దింపాడు. ఛాయ్ తాగి, గుమ్మడికాయలు గోనెపట్టా మీద పరిచిన యాదమ్మ ముందు నిలబడి, గుండ్రటిది ఒకటి ఇవ్వమన్నాను.

"మీదికెళ్లి చూస్తే అన్నీ గుండ్రంగనే కనవడ్తయ్ బిడ్డా. పక్కకెళ్లి చూడు," అంది.

నాది అమలాపురం. బుద్ధిగా నాలుగడుగులు పక్కకు వెళ్లి, కొత్తిమీర కట్టలు తొక్కి నిలబడ్డాను.

"ఓయమ్మో! యాడికి పోతున్నవ్? నిన్ను పొమ్మన్ననా? కాయను పక్కకెళ్లి చూడుమన్న!"

చుట్టూ ఒకటే నవ్వు. ఇక్కడ 'కెళ్లి' అంటే 'నుంచి' అట! సిగ్గుతో చచ్చిపోయాను. మచ్చ లేదని చూపించడానికి యాదమ్మ కాయను గిరగిరా తిప్పింది. పైనుంచి అది గుండ్రమే. వంగి పక్కనుంచి చూస్తే బాగా అణిగిన కాయ, ఒక అంచు నావైపు వస్తోంది, రెండోది దూరం పోతోంది. గెలాక్సీ తిరుగుడు మనం కొలిచేది సరిగ్గా ఆ రాకపోకలతోనే. అయ్యో, నా మొద్దు బుర్ర! ప్రతి గెలాక్సీనీ పక్కనుంచే చూస్తున్నామని నా ఫంక్షన్ అనుకుంటోంది. నేనిచ్చిందేమో దాదాపు పైనుంచి కనిపించేది.

గదికి చేరగానే చూసే కోణాన్ని కలిపాను. ఆకారం, వేగం రెండూ కుదిరాయి. ఆనందంతో ఒక్కదాన్నే గంతులేశాను. సోమవారం, జల్‌పల్లి నుంచి వచ్చే మా మేడం కోడ్ చూస్తూ ఆగారు.

"కోణానికి 'పక్కకెళ్లి' అని పేరు పెట్టినవ్, ఏందమ్మా ఇది?"

కథంతా చెప్పాను. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "గీ పని ఇంకెవ్వరికి ఇస్త? నువ్వే చెయ్," అన్నారు.

మూడు నెలలు లెక్కల్లో వెతికిన తప్పు నేను నిలబడ్డ చోటే ఉంది. మీరూ మాదన్నపేట వెళ్తే ఎనిమిదిలోపే చేరండి. ఎవరైనా "పక్కకెళ్లి చూడు" అంటే మాత్రం కాళ్లు కదపకండి, నడుం వంచండి.