ఎంగిలి చేతుల సదస్సు

ఆ రోజుల్లో నాకు ఆకలి, కోపం ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు ఆకలి తగ్గింది, కోపం మాత్రం అలాగే ఉంది. సర్జన్ల సదస్సుల్లో ఎవరూ పైకి చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఏ అంశం మీద ఎవరికీ ఆసక్తి ఉండదో దాన్ని భోజనం వేళకి పెడతారు. కొత్త యంత్రాల గురించయితే ఉదయం, ఏసీ బాగా పనిచేసే పెద్ద హాల్లో. పిల్ల డాక్టర్లకి ఆపరేషన్ నేర్పడం ఎలా అన్నదయితే మధ్యాహ్నం, బిర్యానీ డబ్బాతో పాటు. నా జీవితంలో మొట్టమొదటి ప్రసంగం అలాంటి వేళలోనే పడింది. కలకత్తా న్యూ టౌన్‌లో ఒక పెద్ద హోటల్, సన్న కన్నాల ఆపరేషన్లు చేసేవాళ్ళ మహాసభ. నేను భవానీపూర్ నుంచి మినప్పప్పు డబ్బా ఒళ్ళో పెట్టుకుని క్యాబ్‌లో బయల్దేరాను.

డబ్బా సంగతి చెప్పాలి. పొట్ట కోయకుండా చిన్న కన్నాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి, తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్లలో పీజీ విద్యార్థి పని ఆ కెమెరా పట్టుకోవడమే. నేనూ అదే పట్టుకుంటూ వచ్చాను. మా విభాగాధిపతిని మేం చాటుగా సింహం సార్ అనేవాళ్ళం. ఆయన చెయ్యి ఎక్కడ తడబడినా తప్పు కెమెరాదే. "కెమెరా నిలబెట్టు! చెయ్యి ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని గర్జించేవారు. పరికరం మాత్రం మా చేతికి ఎప్పుడో గానీ ఇచ్చేవారు కాదు. ఇచ్చిన నిమిషానికి లాగేసుకునేవారు. అందుకని అమ్మ మినప్పప్పు పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బాకి కన్నాలు పెట్టి, లోపల ఫోను టేపుతో అతికించి, దాన్నే పొట్ట అనుకుని ఇంట్లో సాధన మొదలుపెట్టాను. అమ్మ చూసి గుండెలు బాదుకుంది. "ఏటే ఇది! డాక్టరు చదువు చదివి డబ్బాలకి కన్నాలు పెడతన్నావేటి? ఇప్పుడు నా పప్పు ఎక్కడ పోసుకోవాల?" అంది. (నాన్న బ్యాంకు ఉద్యోగం మూలంగా కలకత్తా వచ్చి ఎన్నో ఏళ్ళయినా అమ్మ తిట్టు మాత్రం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది.)

మా ఆసుపత్రిలో విరిగిన కుర్చీలు పడేసిన గది ఒకటుండేది. దాన్ని ఖాళీ చేసి నాలుగు డబ్బాలు పెడితే మేమంతా అక్కడ చెయ్యి తిప్పుకోవచ్చు, రోగి మీద కాకుండా. అదీ నా కోరిక. సింహం సార్ ఒప్పుకోలేదు. "మేం డబ్బాలతో నేర్చుకున్నామా? తిట్లు తిని నేర్చుకున్నాం" అన్నారు. అప్పుడు మా సీనియర్ ఒకాయన అడ్డుపడ్డాడు. మేం ఆయన్ని హోబే దాదా అనేవాళ్ళం, ఎందుకంటే ఏది అడిగినా "హోబే, హోబే" అనేవాడు. హోబే అంటే అవుతుందని. ఎప్పుడవుతుందో మాత్రం చెప్పేవాడు కాదు. ఆయన సార్‌ని బతిమాలి ఒక ఒప్పందం తెచ్చాడు. మహాసభలో నేను ఆ డబ్బా చూపించాలి, పెద్ద సర్జన్లు నలుగురు ముందుకొచ్చి చెయ్యి పెట్టి చూసి బాగుందనాలి. అలా అయితే గది ఇస్తారు, లేకపోతే మళ్ళీ ఆ మాటెత్తకూడదు. నాకు ఆ గది ఎంత కావాలనిపించిందో ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, పెళ్ళి సంబంధం కోసం కూడా అంత ఆత్రంగా ఎదురుచూడలేదు.

ఏర్పాట్లన్నీ హోబే దాదావే. భోజనం బయట పెడితే హాల్లోకి ఎవరూ రారని, బిర్యానీ డబ్బాలు లోపలే పంచుతామని ప్రకటించాడు. జనం విరగబడి వచ్చారు. నా ప్రసంగానికే కాబోలని ఒక క్షణం పొంగిపోయాను. తర్వాత చూస్తే సగం మంది డబ్బా పుచ్చుకుని వెనక తలుపు వైపు నడుస్తున్నారు. దాదా పరుగెత్తి వెళ్ళి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. "చెంచాలేవి దాదా?" అని అక్కణ్ణుంచే ఎవరో అడిగారు. "హోబే, హోబే" అన్నాడు. ఆ చెంచాలు ఇప్పటికీ రాలేదు. చేతులు కడుక్కునే చోటేమో వరండాకి ఆ చివర. అయినా బిర్యానీ ముందు ఎంతసేపు కూర్చుంటారు? దేశదేశాల ఫెలోషిప్పులున్న పెద్దలందరూ ఒక్కసారిగా కుడిచెయ్యి లోపల పెట్టేశారు.

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. తెర మీద పిత్తాశయం తీస్తున్న వీడియో వేశాను, దాన్ని చూసైనా తినడం ఆపుతారేమోనని. ఆపుతారా? ముందు వరసలో ఒకాయన ఎముక చీకుతూ తెర వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. నేర్చుకునేవాడి చెయ్యి మొదట రోగి మీద వణకకూడదు, డబ్బాలో వణకాలి అని నేను రాత్రంతా బట్టీపట్టిన వాక్యం చెప్పాను. దానికి జవాబుగా డబ్బా మూతల చప్పుడు వినిపించింది. మధ్యలో ఒకాయన చెయ్యెత్తాడు. హమ్మయ్య, ఒక్కడైనా వింటున్నాడని "చెప్పండి సార్" అన్నాను ఆనందంగా. "నా డబ్బాలో ఆలూ లేదు" అన్నాడాయన బాధగా. హాలంతా అయ్యో అంది! కలకత్తాలో బిర్యానీలో బంగాళాదుంప లేకపోవడం ఎంత ఘోరమో నాకు తెలుసు, నేనూ ఇక్కడ పెరిగినదాన్నే. కానీ నా ప్రసంగానికి దక్కిన మొదటి స్పందన దుంప గురించి కావడం చూసి ఏడుపొచ్చింది.

సరే, అసలు ఘట్టం వచ్చింది. బల్ల మీద అమ్మ డబ్బా, దాంట్లోకి దూరే రెండు పొడుగాటి పట్టుకారులు, లోపల ఒక గిన్నెలో వేయించిన శనగలు, పక్కన ఖాళీ గిన్నె. తెర మీద చూస్తూ శనగల్ని ఇందులోంచి అందులోకి మార్చాలి. మొదటి ఏడాది పిల్లల పాఠం. "దయచేసి పెద్దలు నలుగురు ముందుకు రండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు ఒక్కొక్కరే కుడిచేతులు పైకెత్తి చూపించారు. ఐదు వేళ్ళకీ నెయ్యి, మెతుకులు. "ఎంటో, ఎంటో" అన్నారు. మన ఎంగిలికి బెంగాలీ మాట అది. ఎంగిలి చేత్తో పరికరం ఎలా ముట్టుకుంటారు? భోజనాల మధ్యలో చేతులతో చేసే పని పెట్టుకుని, చేతుల సంగతి ఆలోచించలేదు నేనూ, దాదా! ముందు వరసలో సింహం సార్ తృప్తిగా దుంప చిదుపుకుంటున్నారు. గది పోయింది.

ఉక్రోషం పట్టలేక మైకులో అనేశాను. "ఇంట్లో భోజనం మధ్యలో గరిటె పట్టుకోరా? ఎడమచెయ్యి ఏం పాపం చేసింది?" సింహం సార్ దుంప వదిలేసి లేచారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కుడిచెయ్యి గాల్లోకి ఎత్తిపట్టుకుని, వేదిక ఎక్కి, "ఇలా ఇవ్వు ఆ బొమ్మ" అని ఎడమ చేత్తో పట్టుకారు దూర్చారు. తెర మీద అందరూ చూస్తూనే ఉన్నారు. పట్టుకారు శనగ పక్కన పడింది. మళ్ళీ వేశారు, ఇటు పక్కన పడింది. తర్వాత ఒక శనగ దొరికి, ఎగిరి, డబ్బా గోడకి కొట్టుకుని మాయమైంది. ఆయన మెడ ఎర్రబడింది. అలవాటు కొద్దీ గర్జించారు.

"కెమెరా నిలబెట్టు!"

"సార్, కెమెరా టేపుతో అతికించి ఉంది" అన్నాను.

హాలు పగలబడి నవ్వింది. తలుపు దగ్గర దాదా నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయాడు, అదే అదనని ఇద్దరు ముగ్గురు బయటికి జారుకున్నారు. సింహం సార్ మాత్రం నవ్వలేదు. మళ్ళీ వంగి, పళ్ళు బిగబట్టి, చేతి వణుకు తగ్గేదాకా ఆగి, ఒక్క శనగని ఎత్తి ఖాళీ గిన్నెలో వేశారు. చప్పట్లు మోగాయి. వెనకాల పెద్ద సర్జన్లందరూ ఎడమచేతులు చాపి వరస కట్టారు, ఒకరి తడబాటుకి ఒకరు పడీపడీ నవ్వుకుంటూ. వేదిక దిగుతూ సార్ నా దగ్గర ఆగారు. "మొదటి ఏడాది నా చెయ్యి ఇలాగే ఉండేదమ్మా. మర్చేపోయాను" అన్నారు మెల్లగా. "సోమవారం వచ్చి ఆ కుర్చీల గది తాళం తీసుకో."

ఆ రోజు నాకు బిర్యానీ మిగల్లేదు. (దాచి ఉంచమన్నాను. దాదా హోబే అన్నాడు.) తిరుగు దారిలో క్యాబ్‌లో, పొట్లంలో మిగిలిన శనగలు నములుతూ ఏడ్చాను. సంతోషంతోనే అనుకుంటాను, ఆకలితో కూడా కావచ్చు.

ఇప్పుడు ఆ గదిలో ఖరీదైన సాధన పెట్టెలున్నాయి. అమ్మ డబ్బా కూడా ఉంది. మూత మీద అమ్మ రాసుకున్న 'మినప' అన్న అక్షరాలు వెలిసిపోయాయి గానీ పీజీ పిల్లలు దాన్ని పారెయ్యనివ్వరు. అమ్మ ఇప్పటికీ, "నా డబ్బా పట్టుకొచ్చీయే" అని సాధిస్తూనే ఉంటుంది. మొన్న మళ్ళీ మహాసభ జరిగింది. మళ్ళీ భోజనం వేళే, మళ్ళీ బిర్యానీ. చెంచాలు మళ్ళీ లేవు, ఏర్పాట్లు చూసింది దాదా శిష్యులే మరి. మా పీజీ అమ్మాయి వేదిక మీద అదే మినప డబ్బా పెట్టి ఎవరినైనా రమ్మంది. ముందు వరసలో కూర్చున్న నేను ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎంతో ధీమాగా వెళ్ళి, ఎడమ చేత్తో పట్టుకారు దూర్చాను. శనగ జారిపోయింది. మళ్ళీ జారిపోయింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"కెమెరా సరిగ్గా పెట్టలేదమ్మా నువ్వు" అన్నాను.

ఆ అమ్మాయి పాపం ఎంతో వినయంగా, "మేడమ్, టేపు వేసే ఉంది" అంది.