ఒరాయన్‌కు సంతకం పెట్టని ఉప్పలయ్య సారు

ఉప్పలయ్య సారుకు పేరున్న వస్తువంటే పడేది కాదు. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. నలుగురు మెచ్చుకున్నారని తెలిస్తే చాలు, ఆయన ముఖం ముడుచుకునేది. ఊరంతా ఒక సబ్బు వాడుతుంటే ఆయన ఎక్కడినుంచో ఇంకో సబ్బు తెచ్చేవాడు. అది నురగా రాదు, అరగనూ అరగదు. "గట్టి సరుకు" అనేవాడు. హన్మకొండలో పేరున్న డాక్టరు దగ్గర జనం బారులు తీరుతుంటే, ఆయన మాత్రం జ్వరమొస్తే ఒక్క రోగీ లేని దవాఖాన వెతుక్కుని పోయేవాడు.

"రోగులు లేరంటే అందరు బాగై ఇంటికి పోయిన్రన్నట్టే గదా" అనేవాడు.

ఆయన భార్య సమ్మమ్మ ఒకసారి నాతో చెప్పింది. "పెండ్లిచూపులకు ఈయనోళ్లొచ్చింది మా చిన్నాయిన బిడ్డను చూస్తానికి. ఆమెకు ఊర్లె మంచి పేరు, చక్కని పిల్ల అని. గా పేరు ఇనంగనే ఈయన లేచి పక్కింట్లెకు వచ్చి నన్ను చేసుకున్నడు."

ఆ మాట చెప్పి ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అప్పటికే ఆ మనిషి వల్ల నా ప్రమోషన్ పోయింది.

నా పేరు రాజేశ్వర్ రావు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగాను. 1986లో నేను ఒరాయన్ కంప్యూటర్ల కంపెనీలో ఇంజనీరును. ఆ రోజుల్లో ఒరాయన్ పేరు ఎంత గొప్పదంటే, జన్మలో కంప్యూటరు ముఖం చూడనివాడు కూడా "కొంటే ఒరాయనే కొనాలె" అనేవాడు. దానికి పోటీగా దక్షిణ్ అని ఒకటుండేది. దాన్ని తయారుచేసినవాళ్లు కూడా దాన్ని గట్టిగా పొగిడేవాళ్లు కాదు.

హన్మకొండలో రైతు సేవా సమాఖ్య ఆఫీసు ఉండేది. రెండు లక్షలమంది రైతుల పేర్లు, ఊర్లు, ఎకరాలు, తీసుకున్న విత్తనాలు అన్నీ అట్టల మీద రాసి బీరువాల్లో పెట్టుకున్నారు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఒక ఒరాయన్, ఒక దక్షిణ్ తెచ్చి ఒకే గదిలో పెట్టి, ఏది మంచిదో వాడి చూసి కొనాలని నిర్ణయించారు. ఒరాయన్ తరఫున నాకూ ఆ ఆఫీసులోనే ఒక బల్ల వేశారు. కంప్యూటరులోకి ఎక్కించడానికి వీలుగా అట్టల మీది పేర్లు ఫారాల మీద రాసివ్వడానికి జూలైలో ఆరుగురు ఆడవాళ్లను రోజు కూలి మీద చేర్చుకున్నారు. అన్నీ చూసి "తృప్తికరం" అని సంతకం పెట్టవలసిన బాధ్యత సూపరింటెండెంటుది. ఆ సూపరింటెండెంటు ఉప్పలయ్య సారు.

సంతకం వారంలో అయిపోతుందని నేను హైదరాబాదుకు రాసి పంపాను. ఆ ఉత్తరం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటివారమే ఆయన ఫైలులో ఒక అభ్యంతరం రాశాడు. "ఈ యంత్రమునకు చల్లగది కావలెనట. రైతులు ఎండలో ఉండగా వారి పేర్లు చల్లగదిలో ఉండుట భావ్యమా? పరిశీలించవలెను." ఆ ఫైలు హైదరాబాదుకు పోయి, నలుగురి చేతులు మారి, జవాబుతో తిరిగి రావడానికి నెల పట్టింది. జవాబు వచ్చిన మర్నాడే రెండోది తయారు. "గదిలోనికి పోవుటకు చెప్పులు విడువమనుచున్నారు. ఇది యంత్రమా, దేవుడా? కంపెనీవారు తేల్చవలెను." మా కంపెనీలో ముగ్గురు ఆఫీసర్లు కూర్చుని, ఇది యంత్రమేనని ఇంగ్లీషులో తేల్చి పంపారు. దానికి ఇంకో నెల.

"దక్షిణ్ మీద ఒక్క ముక్క గూడ రాయరేంది సార్?" అని అడిగాను.

"పాపం, దాన్నెవరు మెచ్చుకుంటలేరు గదా" అన్నాడు.

సాయంత్రాలు ఆయన ఇంటికి పోయి బతిమాలేవాణ్ణి. సమ్మమ్మ సర్వపిండి పెట్టేది. ఆయన నా మాటలన్నీ శ్రద్ధగా విని, "ఇంకో ముక్క తిను బిడ్డా" అనేవాడు. సర్వపిండి మీద నాకు ఎంత ఇష్టమున్నా, దాన్ని సంతకానికి బదులుగా తీసుకోలేను గదా.

నవంబరులో పందెం పెట్టాను. మేనేజరు సారంగపాణిగారి ఎదుట రెండు యంత్రాలకూ మూడువేల పేర్లిచ్చి, ఊరివారీగా వరస పెట్టమన్నాం. ఒరాయన్ పదకొండు నిమిషాల్లో పెట్టేసింది. దక్షిణ్ మధ్యాహ్నం దాకా గింజుకుని, చివరికి కాగితాన్ని నమిలి ఆగిపోయింది. మేనేజరుగారు చప్పట్లు కొట్టారు. ఉప్పలయ్య సారు మాత్రం ఒరాయన్ ఇచ్చిన కాగితాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఓడిపోయాడనుకున్నాను.

"ఎట్లున్నది సార్?"

"జల్ది చేస్తాంది."

"మరి సంతకం?"

"తప్పు జేస్తే గూడ గింతే జల్ది చేస్తది గదా. జర చూడాలె."

అదే మాట ఫైలులో రాశాడు. జనవరిలో నాకు రావలసిన హైదరాబాదు పోస్టు ఇంకొకరికి పోయింది. "వరంగల్‌లో ఒక్క గుమాస్తాను ఒప్పించలేకపోయారు" అని మా పై ఆఫీసరు నాకు రాశాడు. ఆ రోజునుంచి నేను ఉప్పలయ్య సారుకు నమస్తే పెట్టడం మానేశాను. ఆయన మాత్రం రోజూ టిఫిన్ డబ్బాలో సగం నా బల్ల మీద పెట్టి పోయేవాడు. కోపంతోనే తినేవాణ్ణి. అది సమ్మమ్మ చేతి వంట, దాని మీద నాకు కోపం లేదు.

ఫిబ్రవరి పోయింది. మార్చి పోయింది. ఏప్రిల్లో ఒక గురువారం ఆయన ఎవరూ అడగకుండానే ఫైలు తెప్పించుకుని, నిండు ఆఫీసులో రాశాడు. "ఒరాయన్ అన్నివిధముల శ్రేష్ఠమైన యంత్రము. వెంటనే కొనవలెను." కింద సంతకం, తేదీ.

సాయంత్రానికల్లా ఒరాయన్ కంపెనీ ఆయనకు లంచమిచ్చిందని పుకారు పుట్టింది. ఆ మాట ముందుగా నా చెవిలో వేసినవాడు నేనే ఇచ్చానని నమ్మి, నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఒక్క లైను రాయడానికి తొమ్మిది నెలలు ఎందుకు పట్టిందని పైవాళ్లు సంజాయిషీ అడిగారు. ఆయన ఇవ్వలేదు. రిటైరు కావడానికి ఏడాది ఉందనగా ఆయన్ను తొర్రూరులోని విత్తనాల గోదాముకు బదిలీ చేశారు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి సామాను సర్దుకుని పోతుంటే ఒక్క ఆఫీసరూ లేచి నిలబడలేదు. నేనూ లేవలేదు.

వారం తర్వాత శకుంతల నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ ఆరుగురు ఆడవాళ్లలో ఆమె పెద్దది.

"ఉప్పలయ్య సారు మీద నీకు బాగ కోపమున్నది గదా సారు?"

"ఉండదా మరి?"

"ఒరాయన్ వస్తే గీ ఆరుగుర్ల నలుగురు అక్కరలేదని, మొదటి దినం ఉప్పలయ్య సారు ఇనంగ మేనేజరు సారుతోని నువ్వే అన్నవట."

నేను అన్నాను. యంత్రం గొప్ప చెప్పుకోవడానికి అన్నాను. అన్న సంగతి కూడా మరిచిపోయాను.

శకుంతల మెల్లగా చెప్పింది. ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేసిన మనిషిని ఊరికే పొమ్మనడానికి చట్టం ఒప్పుకోదు. నోటీసివ్వాలి, కారణం చూపాలి, అవసరమైతే లేబర్ ఆఫీసులో నిలబడి జవాబు చెప్పాలి. అంత లొల్లి సారంగపాణిగారి ఒంటికి పడదు. ఈ ఆరుగురికీ రెండు వందల నలభయ్యో రోజు నిండింది ఏప్రిల్లో ఆ బుధవారం. మర్నాడే ఆయన సంతకం పెట్టాడు.

"మాక్కూడ చెప్పలే" అంది శకుంతల. "పొయ్యే ముందు ఆరుగురికి హాజరు కాగితాలు సంతకం జేసి చేతుల పెట్టిండు. జాగ్రత్తగ దాసుకోన్రి, ఎవరన్న పొమ్మంటె చూపియ్యిన్రి అన్నడు. మా అక్బరీ బేగం ఏడ్చింది. ఏడ్వకు, కాగితం తడుస్తదన్నడు."

ఆదివారం తొర్రూరు బస్సెక్కాను. జాలితో పోలేదు, నిలదీయడానికే పోయాను. గోదాములో వడ్ల బస్తాల మధ్య ఒక బల్ల, ఒక కుర్చీ, దాంట్లో ఆయన.

"ఎండల వచ్చినవు. ముందుగాల మంచినీళ్లు తాగు."

"నాకొక్క మాట చెప్తే అయిపోవు గదా సార్."

"చెప్తే ఏం జేస్తుంటివి?"

నీళ్ల గ్లాసు పట్టుకుని ఆలోచించాను. అబద్ధం ఆడాలనిపించింది గానీ నోటికి నిజమే వచ్చింది.

"మా కంపెనీకి చెప్తుంటి."

"గదే. నీ తప్పు గాదు. నీ నౌకరి గసొంటిది."

"నా ప్రమోషన్ పోయింది."

"ఎరుకే." ఆయన తల దించుకున్నాడు. "ఆరుగురి దిక్కు చూస్తుంటె ఏడో మనిషి నడిమిట్ల నలిగిండు. నువ్వు తిట్టినా పడాలె."

తిడదామనే పోయినవాణ్ణి, అడిగింది వేరే. "నిజం చెప్పున్రి. ఒరాయన్ మంచిదా, కాదా?"

"పందెం పెట్టిన నాడే ఎరుకైంది. ముప్పై ఏండ్ల సంది నేను చేసే పని పదకొండు నిముషాల్ల చేసె. ఆ దినం ఇంట్ల అన్నం సయించలే." బస్తా మీద రాలిన వడ్లగింజను ఏరి బల్ల మీద పెట్టాడు. "దానికి గంత పేరు ఉండవలసిందే."

ఈ ఒక్క మాట కోసం తొమ్మిది నెలలు ఆయన చుట్టూ తిరిగాను. తీరా విన్నాక నాకు కొంచెం కూడా సంతోషం కలగలేదు.

నేను లేవబోతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఒక పని జేస్తవా? చట్టం ఆళ్లను తీసెయ్యనియ్యదు గని, పని నేర్పదు. మిషిన్ పని రాకపోతె ఏడాదికి మల్ల ఏదో సాకు దొరుకుతది. ఆ ఆరుగురికి జర నేర్పు."

"కొత్తగ కొనే మిషిన్ల మీద ఆఫీసు పనే సరిపోతది సార్. ఖాళీగుండేది మొదలు వాడి చూస్తానికి తెచ్చిన ట్రయల్ మిషినే. దాన్ని నాలుగు రోజుల్ల వాపస్ పంపాలె."

"మీది మంచి పేరున్న కంపెనీ గదా. అడిగి చూడు" అన్నాడు. అన్నప్పుడు నవ్వాడో లేదో, బస్తాల నీడలో నాకు సరిగా కనబడలేదు.

అడిగితే ఇవ్వరని నాకు తెలుసు. మర్నాడు హైదరాబాదుకు ఉత్తరం రాశాను. "ట్రయల్ యంత్రములో అప్పుడప్పుడు వింత శబ్దము వచ్చుచున్నది. కారణము తెలియుటకు రెండు నెలలు పట్టును. అంతవరకు యంత్రమును ఇక్కడినుండి కదుపరాదు." మూడు వారాలకు మా పై ఆఫీసరు ట్రంకు కాల్ చేశాడు.

"శబ్దమా? ఒరాయన్‌లోనా? ఎప్పుడొస్తుంది?"

"ఆదివారాలు ఎక్కువ సార్."

అది అబద్ధం కాదు. ఆదివారం పొద్దున ఆరుగురూ వచ్చి ఆ యంత్రం ముందు కూర్చునేవాళ్లు. అక్బరీ బేగం ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కి, తెర మీద తన పేరు తానే చదువుకునేది. అప్పుడు మిగతా ఐదుగురు నవ్వే నవ్వు కింద గేటు దగ్గరున్న కావలివాడికి కూడా వినబడేది.