నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నప్పుడు గుర్తొస్తుంది. ఆటో హారన్ వినబడితే గుర్తొస్తుంది. నా భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను ఫిర్యాదుల మనిషిని. బందరులో నన్ను ఎరిగినవారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. వీధి దీపం వెలగకపోతే అర్జీ పెడతాను, బస్సు స్టాపులో ఆగకపోతే డిపో మేనేజరు ముందు నిలబడతాను. ఏ పెళ్లిలో ఎవరు నన్ను చూసీ చూడనట్టు వెళ్లారో ఇప్పటికీ చెప్పగలను. వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. అవనిగడ్డలో పనిచేసినప్పుడు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాను. వాళ్లలో దానియేలు ఒకడు. పాలకాయతిప్ప వైపు వలలు లాగే కుటుంబం వాళ్లది. బూట్లు లేకుండా నా దగ్గర చేరి, ఈ జిల్లాలో అంత మంచి డిఫెండరు లేడనిపించుకునేదాకా ఎదిగాడు.

అప్పుడు బందరులో ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చింది. పెట్టినాయనకు దివిసీమ నిండా రొయ్యల చెరువులు, పైగా మేత ఫ్యాక్టరీ. అందరూ చైర్మన్ గారనే పిలిచేవారు. ఆయన ఖర్చుకు వెనకాడలేదు. కేరళ నుంచి, బెంగాల్ నుంచి, ఆఫ్రికా నుంచి కూడా ఆటగాళ్లను తెచ్చారు. పరదేశి కోచ్, ఏసీ బస్సు, ఆటగాళ్లకు హోటల్ గదులు, వేరే దేశం నుంచి చుట్టలుగా వచ్చిన పచ్చటి టర్ఫ్. ఊరివాళ్లలో దానియేలు ఒక్కడినే తీసుకున్నారు. నాకు సలహాదారు అని ఒక హోదా ఇచ్చారు. సలహా మాత్రం ఎవరూ అడగలేదు.

ప్రారంభోత్సవం రోజు ముందు వరసలో కూర్చున్నాను. ఎవరో వచ్చి, "మాస్టారూ, మీరు కొంచెం వెనక్కి వెళ్లండి, స్పాన్సర్లు వస్తున్నారు" అన్నారు. లేచాను. వెనకనుంచి చూస్తుండగా దానియేలు మైకు పట్టుకుని, తనకు ఆటంటే ఏమిటో నేర్పింది ఆ పరదేశి కోచే అని చెప్పి, ఆయనకు శాలువా కప్పాడు. అలా చెప్పమని క్లబ్బువాళ్లు చీటీ మీద రాసిచ్చారని తరువాత తెలిసింది. తెలిసినా నేను క్షమించలేదు. కుర్చీ పోయిన అవమానం, శాలువా అవమానం కలిసి ఒకటే అయిపోయాయి. దాని మీద దానియేలు ముఖం అతుక్కుపోయింది.

ఇంత డబ్బు పోసినా క్లబ్బు గెలిచింది తక్కువ. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఎవరి పాస్ ఎవరికో వెళ్లేది. కోచ్‌లు మారారు, ఆటగాళ్లు మారారు, ఓటమి మారలేదు. కోనేరు సెంటర్లో టీ కొట్టు దగ్గర, "ఏం మాస్టారూ, మీ రొయ్యలు మళ్లీ బురదలో దూరాయంటగా" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే క్లబ్బు ఓడిన ప్రతిసారీ నాకు లోపల హాయిగా ఉండేది.

రెండో సీజన్ చివరి మ్యాచ్ గుడివాడ జట్టుతో. ఓడితే కింది లీగుకు పడిపోతాం. వాళ్లు కాలేజీ కుర్రాళ్లు, ఆర్టీసీ బస్సు దిగి బూట్లు భుజాన వేసుకుని వచ్చే రకం. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు దానియేలు మా ఇంటికి వచ్చాడు. మోకాలు లోపల పట్టేస్తోందన్నాడు. క్లబ్బు డాక్టరుకు చెబితే బెంచీ మీద కూర్చోబెడతారని, తన చోటు కోసం బయటివాళ్లు కాచుకుని ఉన్నారని భయం. గుడివాడ అవతల పల్లెలో కట్టు కట్టే పెద్దాయన ఉన్నాడు, వెళ్లమన్నాను. ఆయన నూనె రాసి లాగుతాడు, ఆకు పసరు పెట్టి కట్టు కడతాడు. చీటీ ఇవ్వడు, పేరు అడగడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. దానియేలు వెళ్లి వచ్చాడు. మ్యాచ్ రోజు పొద్దున్నే కట్టు విప్పేసి ఆడాడు.

ఆట చివర్లో గుడివాడ కుర్రాడొకడు బంతితో వస్తుంటే దానియేలు తిరగబోయాడు. మోకాలు తిరగలేదు. కుర్రాడు పక్కనుంచి వెళ్లి గోల్ కొట్టాడు. ఆ గోల్‌తోనే ఓడిపోయాం. చూసినవాళ్లకు దానియేలు కావాలని నిలబడిపోయినట్టే ఉంది.

మర్నాడు చైర్మన్ గారు నన్ను చెరువుల దగ్గరకు పిలిపించారు. రొయ్యలకు జబ్బు రాకుండా, గట్టెక్కే ముందు ఎవరైనా కాళ్లు మందునీళ్లలో ముంచాలి. నేనూ ముంచాను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఆయన నా వైపు చూడకుండా మాట్లాడారు.

"మాస్టారూ, రొయ్యకి జబ్బొచ్చిందంటే ఏం చేస్తామో తెలుసుగా. నీరసపడి ముందు గట్టు పక్కకి వచ్చింది ఏదో చూస్తాం. అది దొరికితే చెరువు సంగతి తెలిసిపోయినట్టే."

"అవునండి."

"మన జట్టులో ముందు గట్టుకొచ్చింది మీ దానియేలు. మ్యాచ్‌కి ముందు రోజు గుడివాడ బస్టాండులో తిరిగాడంట. మన మేత డీలరు చూశాడు. ఎందుకెళ్లావురా అంటే, మోకాలికి కట్టు కట్టించుకోడానికంటాడు. మాస్టారే పంపారు, ఆయన్నడగండి అంటున్నాడు. మీరు పంపారా?"

రెండు సీజన్లలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆఖరిది కూడా.

"నాకేం తెలియదండి. నేను పంపలేదు" అన్నాను.

ఆయన తల ఊపారు. "అనుకున్నాను" అన్నారు. అంతే.

ఆ క్షణం నేను భయపడ్డానా? గాయం దాచి ఆడించావా అని నన్ను తిడతారని భయపడ్డానని ఎన్నో ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. భయం ఉంది. కానీ భయపడ్డవాడి గొంతు వణుకుతుంది కదా. నాది వణకలేదు. నోరు తెరిచేముందు నాకు కనబడింది ఆ శాలువా. వాడు నన్ను సాక్ష్యానికి పిలుస్తున్నాడు, ఇప్పుడు గుర్తొచ్చానన్నమాట అనుకున్నాను. ఊరివాళ్లను పక్కన పెడుతున్నారని క్లబ్బు మీద అర్జీల మీద అర్జీలు పెట్టినవాణ్ణి నేను. జట్టులో ఉన్న ఒకే ఒక్క ఊరివాణ్ణి నా నోటితోనే తీసేయించాను.

దానియేలును పంపేశారు. గుడివాడకు అమ్ముడుపోయాడన్న మాట దివిసీమంతా పాకింది. ఇంకే క్లబ్బూ పిలవలేదు. మోకాలికి సరైన వైద్యం ఆలస్యమై కాలు బిగుసుకుపోయింది. చర్చిలో కూడా జనం వాడి పక్కన కూర్చోవడానికి తటపటాయించేవారని వాళ్లమ్మ ఎవరితోనో అందట. వాడు పోయాక క్లబ్బు బాగుపడిందా అంటే, అదీ లేదు. తరువాతి సీజన్‌లో ఇంకా ఎక్కువ ఖర్చు, ఇంకా ఎక్కువ ఓటములు. రొయ్యల ధర పడిపోయాక మూసేశారు. ఆ టర్ఫ్ మీద ఇప్పుడు రిసెప్షన్లు చేస్తున్నారు.

ఈ మధ్య పని మీద అవనిగడ్డ వెళ్లాను. బస్టాండు బయట ఒక ఆటో నా ముందు ఆగింది. "ఎక్కండి మాస్టారూ" అన్నాడు దానియేలు. కుడికాలు బయటికి చాపి నడుపుతున్నాడు. దారిలో ఆ పాత సంగతి తనే ఎత్తాడు.

"ఆయన మిమ్మల్ని ఒక్క మాట అడిగుంటే తేలిపోయేది మాస్టారూ. అడగమని కాళ్లు పట్టుకున్నాను. అడగలేదు. మనలాంటోళ్లని అడుగుతారేంటి వాళ్లు? మీరెప్పుడూ అనేవారుగా."

అవును, నేనే అనేవాణ్ణి. నా ఫిర్యాదును నా కోసం వాడు ఇంతకాలం మోస్తున్నాడు. నోరు తెరిచాను. "ఎండ ఎక్కువగా ఉందిరా" అన్నాను. దిగాక డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మీ దగ్గరా, అన్నాడు.

ఇది రాస్తున్నప్పుడు కూడా ముందు వరసలోంచి నన్ను లేపినవాడి ముఖం గుర్తొచ్చి ఒళ్లు మండింది. నేను మారలేదు. మారానని మీకు అబద్ధం చెప్పను. దానియేలు ఇది చదవడు. చదివినా క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. గొంతులో అడ్డం పడ్డది కాగితం మీదికి వచ్చింది, అంతవరకే నాకు తెలుస్తోంది.

చైర్మన్ గారు అడిగారు, దానియేలూ. నన్నే అడిగారు.